ఈ టీ వయసెంతో... కప్పునే అడగాలి!

పాత బియ్యానికి ఉన్న మర్యాద కొత్త బియ్యానికి ఉండదు. ఈ సంగతి మన ఇళ్లలో ఎవరికీ ప్రత్యేకంగా చెప్పక్కర్లేదు. ఏడాది ఆగిన బియ్యమైతే అన్నం పొడిపొడిగా వస్తుందని నాలుగు రూపాయలు ఎక్కువైనా అవే కొంటాం. అదే టీపొడి అయితే? డబ్బా అడుగున ఆర్నెల్లు మిగిలిపోయిందంటే వాసన పోయిందని పక్కన పెట్టేస్తాం. కానీ చైనా నైరుతి మూల యునాన్ ప్రావిన్స్‌లో తయారయ్యే పూఎర్ టీది మాత్రం బియ్యం దారే. పదేళ్లు దాచితే బాగుంటుంది, ఇరవయ్యేళ్లయితే ఇంకా బాగుంటుంది, ముప్ఫై దాటితే దాని గురించి మాట్లాడేటప్పుడు టీ ప్రియుల గొంతే మారిపోతుంది. దాంతోపాటే ధర కూడా!

చిక్కల్లా అక్కడే. ముప్ఫై ఏళ్ల క్రితం పుట్టానని చెప్పుకునే టీకి పుట్టినతేదీ కాగితం ఉండదు. ఉన్న కాగితం నమ్మదగ్గది కాదు. అమ్మేవాడి మాట సరేసరి. కొన్నవాడు నిజంగా పాత టీ కొన్నాడా, పాత కాగితం కొన్నాడా అన్నది తేలాలంటే నీళ్లు మరిగించాల్సిందే.

పచ్చిదీ... మాగినదీ

పూఎర్ అన్నది ఓ పట్టణం పేరు. చుట్టుపక్కల కొండల్లోని టీ అంతా ఒకప్పుడు అక్కడి అంగళ్లకు చేరేది కాబట్టి ఆకుకీ ఆ పేరే వచ్చింది. ఈ టీకి పెరిగిన గిరాకీ ఎంతంటే, ఆ ప్రాంతానికి కేంద్రమైన సిమావో నగరం 2007లో తన పేరునే పూఎర్‌గా మార్చేసుకుంది. ఆకు పెద్దది. మన అస్సాం టీ ఏ రకానికి చెందుతుందో ఇదీ అదే. ఆ మాటకొస్తే అస్సాం, అరుణాచల్‌లలోని సింగ్‌ఫో గిరిజనులూ ఇదే రకం ఆకుని వెదురు బొంగుల్లో కూరి, పొగకు ఆరబెట్టి ఏళ్లతరబడి దాచుకుని తాగుతారు. సరిహద్దుకి ఇవతలా అవతలా పెద్దవాళ్లు ఒకేలా ఆలోచించారన్నమాట!

కోసిన ఆకుని కాసేపు వాడనిచ్చి, పెద్ద మూకుడులో వేయిస్తారు. తర్వాత చేత్తో నలిపి, ఎండలో ఆరబెడతారు. గ్రీన్ టీకి ఇచ్చినంత గట్టి వేడి దీనికి ఇవ్వరు. అందుకే ఆకులో జరగాల్సిన మార్పులన్నీ అక్కడితో ఆగిపోవు, నెమ్మదిగా సాగుతూనే ఉంటాయి. ఆరిన ఆకుని ఆవిరి పట్టి, గుడ్డ సంచిలో మూటగట్టి, బరువు కింద నొక్కితే గుండ్రటి బిళ్ల తయారవుతుంది. మూట ముడి ఉన్నచోట వెనకవైపు చిన్న గుంట పడుతుంది. చూడ్డానికి... మరోలా అనుకోకపోతే, అచ్చం పిడకే! ఒక్కో బిళ్ల 357 గ్రాములు. ఏడేసి బిళ్లల్ని దొంతిగా పేర్చి వెదురు పట్టతో కడితే రెండున్నర కిలోల కట్ట అవుతుంది. ఒకప్పుడు కంచరగాడిదలూ గుర్రాల మీద టిబెట్ దాకా మోసుకెళ్లడానికి వీలుగా ఉండేందుకే టీని ఇలా గట్టిగా నొక్కేవారు. దారిలో ఎండకి ఎండి, వానకి తడిసి నెలల తర్వాత గమ్యం చేరేసరికి రుచి మారేది. ఆ మార్పే జనానికి నచ్చింది.

ఇలా నొక్కి వదిలేసిందే పచ్చి పూఎర్. చైనా భాషలో ‘షెంగ్’. కొత్తలో దీన్ని తాగితే చేదు, వగరు నాలుక మీద పోటీ పడతాయి. ఖాళీ కడుపుతో అయితే ఆ రోజంతా గుర్తుండిపోతుంది. అది మెత్తబడటానికి ఏళ్లు కావాలి. అన్నేళ్లు ఆగే ఓపిక ఎవరికుంటుంది? 1973లో కున్మింగ్ టీ కర్మాగారం వాళ్లు అడ్డదారి కనిపెట్టారు. ఆకుని కుప్ప పోసి, నీళ్లు చల్లి, కప్పెట్టి కొన్ని వారాలు పులియబెడితే నల్లగా, మెత్తగా తయారయ్యింది. మనం మామిడికాయల్ని గడ్డిలో మాగబెట్టినట్టన్నమాట. దాని పేరు ‘షూ’, అంటే మాగినది. అదీ మంచి టీయే, చవక కూడా. కాకపోతే మాగబెట్టిన దాన్ని చెట్టున పండిందని అమ్మేవాళ్లు పళ్ల బజారులోనే కాదు, టీ బజారులోనూ ఉంటారు.

75 అంటే ఏడాది కాదు

పాత పూఎర్ కొనేవాళ్లు మొదట బోల్తాపడేది అంకెల దగ్గరే. 7542 అన్న రకం ఉంది. షీష్వాంగ్‌బన్నా ప్రాంతంలోని మెంగ్‌హాయ్ టీ కర్మాగారానికి పేరు తెచ్చిపెట్టిన పచ్చి పూఎర్ అది. ఆ పేరు విని 1975 నాటి టీ అనుకుంటే పప్పులో కాలేసినట్టే. 75 అన్నది ఆ ఆకుల పాళ్లు ఖరారు చేసిన సంవత్సరం. 4 అన్నది ఆకు శ్రేణి. చివరి 2 మెంగ్‌హాయ్ కర్మాగారానికి గుర్తు. 1 అయితే కున్మింగ్, 3 అయితే షియాగ్వాన్. పోయిన ఏడాది నొక్కిన బిళ్లని కూడా 7542 అనే పిలుస్తారు.

పాత 7542లన్నిట్లోకీ ‘88 చింగ్’కి ఉన్న పేరు దేనికీ లేదు. ఇది 1988లో పుట్టిందా? అదీ కచ్చితంగా కాదు! 1980ల చివర్లోనూ 90ల మొదట్లోనూ తయారైన బిళ్లల్ని హాంకాంగ్ టీ వ్యాపారి చాన్ కోక్ యీ కొని, తేమ తగలని చోట దాచి, తర్వాత ఆ పేరుతో అమ్మారు. ఎనిమిది చైనావాళ్లకి కలిసొచ్చే అంకె. రెండు ఎనిమిదులంటే ఇక చెప్పేదేముంది! ఇప్పుడు ఆ బిళ్ల ఒక్కోటీ లక్షల రూపాయలు పలుకుతుంది.

పోనీ పైన చుట్టిన కాగితం చూద్దామా అంటే, అదీ అంతంతమాత్రమే. అప్పట్లో టీ వ్యాపారం ప్రభుత్వ సంస్థ చేతిలో ఉండేది. ఎర్రటి ‘చైనా’ అక్షరాలు ఎనిమిది గుండ్రంగా, మధ్యలో ఆకుపచ్చటి ‘టీ’ అక్షరం... దశాబ్దాలపాటు రకరకాల టీలన్నిటికీ అదే కాగితం చుట్టారు. చాలావాటి మీద తయారీ తేదీయే ఉండదు. బిళ్ల లోపలికి నొక్కేసిన చిన్న చీటీ ఒకటి ఉంటుంది. ఆకుని పీకకుండా దాన్ని మార్చడం కష్టం కాబట్టి చుట్టిన కాగితం కంటే అది కాస్త నయం. అయితే చీటీని అచ్చేయించడం ఎంతసేపు?

ఈ అంకెల వెనక పోయిన డబ్బు చిన్నది కాదు. తైవాన్‌కు చెందిన డెంగ్ షిహాయ్ 1995లో పూఎర్ మీద రాసిన పుస్తకంతో పాత టీకి గిరాకీ మొదలైంది. పాతబడే కొద్దీ పరిమళం పెరుగుతుందన్న మాట ఊరూరా పాకింది. 1999 నుంచి 2007 దాకా పూఎర్ ధర సుమారు పదింతలయ్యింది. టీ తాగని వాళ్లు కూడా, మనవాళ్లు ఇళ్ల స్థలాలు కొన్నట్టు బిళ్లలు కొని మంచాల కింద పేర్చుకున్నారు. 2007లో బుడగ పేలింది. యునాన్‌లో ఎందరో వ్యాపారులు దుకాణాలు మూసేశారు. టీ డబ్బుతో ఇళ్లు కట్టుకున్న రైతుల్లో కొందరు మళ్లీ వరికీ మొక్కజొన్నకీ మళ్లారు. 2008లో ప్రభుత్వం ప్రమాణాలు తెచ్చింది. యునాన్ పెద్దాకుతో, ఎండలో ఆరబెట్టి, యునాన్‌లోనే చేస్తేనే పూఎర్ అనాలంది. అది కొత్త టీకి పనికొచ్చింది. అప్పటికే మంచాల కింద ఉన్న పాత టీ వయసుని ఏ ప్రమాణం తేలుస్తుంది?

పుట్టిన ఊరు కాదు, పెరిగిన ఇల్లు

అసలు ‘ఎన్నేళ్లు’ అన్న ప్రశ్న కంటే ‘ఎక్కడ’ అన్న ప్రశ్న ముందు అడగాలి. ఒకే రోజు నొక్కిన రెండు బిళ్లల్లో ఒకదాన్ని కున్మింగ్‌లో, రెండోదాన్ని హాంకాంగ్‌లో పెట్టారనుకోండి. కున్మింగ్ సముద్రమట్టానికి దాదాపు 1,900 మీటర్ల ఎత్తున ఉంటుంది. చల్లటి, పొడి గాలి. ఇరవయ్యేళ్ల తర్వాత కూడా ఆ బిళ్లలో కుర్రతనపు చేదు మిగిలే ఉంటుంది. హాంకాంగ్‌లో ఉక్కపోత, చెమ్మ. అక్కడి బిళ్ల అన్నేళ్లలో ముదిరి, నల్లబడి, నునుపుదేలుతుంది. కవలల్లో ఒకరు నడివయసులోనే ఉంటే మరొకరు తాత అయిపోయినట్టు!

హాంకాంగ్ టీ వ్యాపారులకి ఇది ఎప్పుడో తెలుసు. అక్కడి హోటళ్లలో డిమ్‌సమ్‌తోపాటు కూజాలకొద్దీ పూఎర్ తాగుతారు. ‘బోలే’ అంటారు దాన్ని. ఒక్కోసారి ఎండు చామంతులు కూడా వేస్తారు. చేదు టీ పోస్తే జనం తాగరు. అందుకే బిళ్లల్ని కొన్నాళ్లు చెమ్మ గోదాముల్లో ఉంచి, తర్వాత పొడి గదులకి మార్చి వాసన పోనిచ్చేవారు. ఎప్పుడు లోపల పెట్టాలో, ఎప్పుడు బయటికి తీయాలో చూసుకోవడమే ఆ పనిలో నేర్పు. తీయడం ఆలస్యమైతే బూజు పట్టి సరుకంతా పోతుంది. ‘చెమ్మ సరుకు’ అని చులకనగా మాట్లాడేవాళ్లున్నారు గానీ, పాత పూఎర్‌కి రుచి ఉందని లోకానికి తెలియజెప్పింది ఆ గోదాములే. వాటిని తక్కువచేసి మాట్లాడటం న్యాయం కాదు.

నీళ్లు మరిగాక...

సరే, బిళ్ల చేతికొచ్చింది. ఇప్పుడేం చెయ్యాలి? విరగ్గొట్టకూడదు. పొడి అయిన కొద్దీ చేదు దిగుతుంది. సన్నటి మొన ఉన్న ఇనప పుల్లని బిళ్ల అంచు నుంచి పొరల మధ్యకి గుచ్చి, మెల్లగా పైకి లేపితే ఆకు రేకులు రేకులుగా ఊడివస్తుంది. చెయ్యి అడ్డం పెట్టారో, టీకంటే ముందు రక్తం వస్తుంది. అలా తీసిన ఆకుని మట్టిజాడీలో వేసి రెండు వారాలు గాలి తగలనిస్తే గోదాము వాసన సగం తగ్గుతుందంటారు.

కాయడానికి గైవాన్ వాడతారు. మూత, సాసర్ ఉన్న చిన్న పింగాణీ గిన్నె అది. వంద మిల్లీలీటర్ల గిన్నెకి ఆరేడు గ్రాముల ఆకు. మన లెక్కలో అది నలుగురైదుగురికి సరిపడా టీ! కంగారుపడక్కర్లేదు, ఆ ఆకుతోనే పదీ పన్నెండు సార్లు కాచుకోవచ్చు. ఎర్రమట్టి కూజాలు కూడా వాడతారు. అవి చూడ్డానికి బాగుంటాయిగానీ, మట్టి కొంత వాసన పీల్చేసుకుంటుంది. టీ గుణమేంటో తేల్చుకోవాలంటే పింగాణీయే నయం, ఏదీ దాచిపెట్టదు.

గిన్నెని వేడినీళ్లతో తొలిచి పారబోసి, ఆ వేడి గిన్నెలో పొడి ఆకు వేసి మూతపెట్టి కుదపాలి. మూత తీసి వాసన చూడాలి. మొదటి సాక్ష్యం ఇదే. పాత పుస్తకాల బీరువా, ఎండిన చెక్క, లీలగా కర్పూరం... ఇలాంటివి తగిలితే ముందుకెళ్లొచ్చు. ముక్కిపోయిన బియ్యం వాసన గుప్పుమంటే కాస్త ఆలోచించాలి. ఆకు మీద పచ్చగానో పసుపుగానో నూగుబూజు కనిపిస్తే మాత్రం ఆలోచించడానికేమీ లేదు. ఎంత పెట్టి కొన్నా చెత్తబుట్టే దారి.

పాత ఆకుకి సలసల మరిగే నీళ్లే పోయాలి. కున్మింగ్‌లో ఎత్తు వల్ల నీళ్లు 94 డిగ్రీలకే మరిగిపోతాయి. అక్కడి దుకాణంలో ‘ఆహా, ఎంత మెత్తగా ఉందో’ అని కొన్న టీ, సముద్రం ఒడ్డున ఉన్న ఊళ్లో కాచుకునేసరికి గరుకుగా అనిపించొచ్చు. దానికి దుకాణదారుణ్ని తిట్టుకుని లాభం లేదు. మొదటిసారి పోసిన నీళ్లని అయిదు సెకన్లలో వంపేయాలి. అవి తాగడానికి కాదు, ఆకు మీది దుమ్ము కడగడానికీ గట్టిగా ఉన్న ముద్ద వదులవడానికీ. చెమ్మ గోదాము సరుకైతే రెండుసార్లు కడగాలి.

తర్వాత మళ్లీ నీళ్లు పోసి, పది సెకన్లు లెక్కపెట్టి వంపాలి. మొదటి రెండు కప్పుల్లో మాట్లాడేది టీ కాదు, అది ఉన్న గోదాము. తడిసిన మట్టి, మూసి ఉంచిన గది, పాత చెక్కపెట్టె వాసనలు వస్తాయి. కొత్తవాళ్లు చాలామంది అక్కడే కప్పు కింద పెట్టేస్తారు. అలాంటివాళ్లు అసలు టీ తాగనట్టే. మూడో కప్పు నుంచి గోదాము తలుపు మూసుకుంటుంది. రంగు చూడండి. కొత్త పచ్చి పూఎర్ లేత పసుపులో ఉంటుంది. వయసొచ్చినదైతే తేనెరంగు దాటి రాగిరంగులోకి వస్తుంది. కానీ కప్పు అడుగు కనిపించేంత తేటగా ఉంటుంది. మొదట్నుంచీ కాఫీ డికాక్షన్‌లా నల్లగా, అడుగు కనబడకుండా ఉందంటే అది మాగబెట్టిన ‘షూ’ అయివుండొచ్చు.

నాలుక మీద చేదు ఉందా? ఉండాలి. ఎంత పాతదైనా మంచి పచ్చి పూఎర్‌లో చేదు పూర్తిగా చచ్చిపోదు. వచ్చి, నిలబడకుండా కరిగిపోతుంది. ఆ తర్వాత గొంతులోంచి తీపి పైకి తేలుతుంది. చైనావాళ్లు దీన్ని ‘హుయ్‌గాన్’ అంటారు, తిరిగొచ్చే తీపి అని. మనకి ఇది అర్థం కావడానికి టీయే అక్కర్లేదు. ఉసిరికాయ నమిలి మంచినీళ్లు తాగితే నోరంతా తియ్యబడుతుందే, అదే ఇది. ఆ తీపి ఎంతసేపు నిలిస్తే టీ అంత మేలైనదని లెక్క. నునుపుగా జారిపోయి, మింగగానే ఏమీ మిగలకపోతే పాతదే కావచ్చు, మంచిది మాత్రం కాదు. గొంతు పొడిబారి, పట్టేసినట్టుంటే చెమ్మలో మోతాదు మించి ఉంచారన్నమాట.

అయిదు, ఆరు కప్పులయ్యేసరికి వీపున చెమట పడుతుంది, ఒళ్లు తేలికవుతుంది. దీన్ని టీలోని ‘చీ’ అని, ప్రాణశక్తి అని వర్ణిస్తారు. కావచ్చు. వేడివేడి నీళ్లు అరలీటరూ, దాంతోపాటు కెఫీనూ లోపలికెళ్తే ఎవరికైనా చెమటలు పడతాయన్నదీ నిజమే! అలాగే ఇది కొవ్వు కరిగిస్తుందని, కొలెస్ట్రాల్ దించుతుందని దుకాణాల్లో చెప్పే కబుర్లు నమ్మి మందులు మానేయకూడదు. ఇది టీ, అంతే. నిద్రపట్టనివాళ్లు సాయంత్రం తర్వాత తాగకపోవడమే మంచిది.

ఎనిమిదో కప్పు నుంచి సమయం పెంచుకుంటూ పోవాలి... ఇరవై సెకన్లు, నలభై, నిమిషం. షూ అయితే ఈపాటికి రంగు వెలిసి నీళ్లలా అయిపోతుంది. పాత పచ్చి పూఎర్‌లో ఇంకా సరుకుంటుంది. ఎండుఖర్జూరం లాంటి తీపి అడుగున కనిపిస్తుంది. అనుమానం తీరనివాళ్లు ఓ పని చేస్తారు. విడిగా కాస్త ఆకు తీసుకుని, కావాలనే అయిదు నిమిషాలు నాననిస్తారు. చకచకా వంపితే లోపాలు దాగుతాయి, అయిదు నిమిషాలు నానితే ఏదీ దాగదు. అమ్మకందారు ఎదురుగా ఇలా చేస్తానంటే అతని మొహం ఎలా మారుతుందో చూడటం కూడా పరీక్షలో భాగమే.

అడుగున మిగిలిన ఆకు

తాగడం అయ్యాక ఆకుని పళ్లెంలో పరిచి చూస్తారు. తెలిసినవాళ్లు కప్పు కంటే ఎక్కువ నమ్మేది దీన్నే. వేళ్లతో విప్పితే ముదురు గోధుమరంగులో, సాగుతూ, ఆకు ఆకుగా విచ్చుకుంటే అది నిదానంగా పెద్దదైన టీ. నల్లగా బొగ్గులా ఉండి, విప్పబోతే ముక్కలైపోతే మాగబెట్టిందో, చెమ్మలో మగ్గిపోయిందో అయివుంటుంది. కొంత ఆకు గోధుమరంగులో, కొంత నల్లగా ఉంటే... రెండూ కలిపి నొక్కారేమోనని అనుమానించాలి.

ఇన్ని చేసినా, ఇది 1992దా 1997దా అన్నది కప్పు చెప్పదు. హాంకాంగ్‌లో పదిహేనేళ్లున్నదీ కున్మింగ్‌లో ముప్ఫయ్యేళ్లున్నదీ నాలుక మీద ఇంచుమించు ఒకేలా తగలొచ్చు. ఏళ్ల లెక్క కట్టి డబ్బిచ్చేవాళ్లకి ఇది మింగుడుపడదు. రుచి లెక్క కట్టి కొనేవాళ్లకి దీనివల్ల వచ్చిన నష్టమేమీ లేదు. అందుకే అనుభవం ఉన్నవాళ్లు బిళ్ల కొనేముందు పది, ఇరవై గ్రాముల ముక్క అడిగి కొంటారు. ఇంటికి తెచ్చి, తమ నీళ్లతో, తమ గిన్నెలో రెండుసార్లు కాచుకున్నాకే మిగతా మాట. ముక్క ఇవ్వనన్న దుకాణంలో బిళ్ల కొనరు.

కొన్నాక దాచుకోవడం పెద్ద విద్యేమీ కాదు. ఎండ తగలకూడదు, ఫ్రిజ్‌లో పెట్టకూడదు, కాస్త గాలి ఆడాలి. ఇంగువ డబ్బా పక్కనా అగరొత్తుల అరలోనా అస్సలు పెట్టకూడదు. ఈ ఆకు వాసనలు పీల్చే స్పాంజి లాంటిది. ఓ ఏడాది తర్వాత సాంబారు టీ తాగాల్సివస్తుంది! వానాకాలంలో నెలకోసారి కాగితం విప్పి బూజు పట్టిందేమో చూసుకుంటే సరి.

ఇక పన్నెండోసారి కాచాక రుచి పలచబడిన ఆకుని పారేయరు. అప్పటికప్పుడే కెటిల్లో వేసి, అరలీటరు నీళ్లు పోసి, సన్నటి మంట మీద పది నిమిషాలు మరిగిస్తారు. లేత ఎరుపు రంగులో, గోదాము వాసన ఏ కోశానా లేకుండా, కాస్త తియ్యగా ఇంకో రెండు గ్లాసులొస్తాయి.